పాస్టర్లకు పాఠం చెప్పినవారి జీవితాలనూ రాయండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని పాత మిషన్ కట్టడాలను గురించి ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. బంగళాల ఎత్తైన కప్పులు, రాతి గోడలు, గంట గోపురాలు, వాటిని కట్టించిన విదేశీ మిషనరీల పేర్లు, వారు వచ్చిన సంవత్సరాలు అన్నీ అందులో ఉన్నాయి. ఫోటోలు కూడా బాగున్నాయి. కాని ఆ గుడుల్లో వందేళ్ళకు పైగా ప్రతి ఆదివారం నిలబడి తెలుగులో ప్రసంగించినవారెవరు, వారికి ప్రసంగించడం నేర్పినవారెవరు అన్న ప్రశ్న వ్యాసంలో ఒక్కచోట కూడా తలెత్తలేదు. ఈ లోటు మీ వ్యాసకర్త ఒక్కరిదే కాదు. మన ప్రాంతపు ప్రొటెస్టంటు సంఘాల గురించి బయటివారు రాసినా, సంఘాలవారే రాసుకున్నా, కథ మిషనరీ ఓడ దిగడంతో మొదలై భవన ప్రారంభోత్సవంతో ముగుస్తుంది. నడుమ ఉండవలసిన పాస్టరు, ఆ పాస్టరును తయారుచేసిన సెమినరీ (పాస్టర్ల శిక్షణ కళాశాల) అధ్యాపకుడు కనిపించరు. అభిషేకం (పాస్టరుగా అధికారిక నియామకం) పొంది, కొన్నేళ్ళు పల్లె సంఘాల్లో పనిచేసి, ఆ అనుభవాన్ని వెంటబెట్టుకొని బైబిలు పాఠశాలకో సెమినరీకో అధ్యాపకుడిగా వెళ్ళి, అక్కడి నుంచి తరం తరువాత తరం పాస్టర్లను మళ్ళీ పల్లెలకు పంపిన మనిషి జీవితం పత్రికలో రాయదగినదేనని, ఆ పని ఇంకా ఆలస్యం చేయకూడదని మనవి చేయడానికే ఈ ఉత్తరం.

తెలుగు బాప్టిస్టు మిషన్ చరిత్రలో అందరూ చెప్పుకునే సంఘటన ఒకటి ఉంది. 1876–78 నాటి కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో ఉన్న వేలాదిమందికి పని చూపించారు. ఆ తరువాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకెను చెప్పేవారిలో చాలామంది వదిలేసే సంగతి ఏమిటంటే, ఆ రోజు నీళ్ళలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది క్లౌ కాదు. అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కో మారు ఇద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ ఆ పనిని పూర్తిచేశారు. అంతకు పన్నెండేళ్ళ ముందు, 1866లో, బాప్తిస్మం పొందిన యెర్రగుంట్ల పేరయ్య తన మాదిగ బంధువర్గంలో ఊరూరా తిరిగి మాట చెప్పి ఉండకపోతే ఆ ఏటి ఒడ్డుకు అంత జనం వచ్చేవారే కాదు. పేరయ్య పేరు కనీసం నిలిచింది. ఆ ఆరుగురి పేర్లు చెప్పగలిగిన పాస్టరు నాకు ఇంతవరకూ తారసపడలేదు.

బాప్తిస్మానికి ఒక రోజు చాలింది గాని, అంతమందికి ఆదివారం కూటం నడిపి, పిల్లలకు అక్షరాలు దిద్దించి, పెళ్ళికీ చావుకూ వెళ్ళి నిలబడగల మనుషులను తయారుచేయడానికి ఏళ్ళు పట్టింది. నెల్లూరుకు ఉత్తరాన సముద్రపు ఒడ్డున ఉన్న రామాపట్నంలో బాప్టిస్టు మిషన్‌వారు 1870ల తొలినాళ్ళలోనే సెమినరీ పెట్టి ఉండడం ఇక్కడ అక్కరకొచ్చింది. అక్కడికి విద్యార్థి ఒంటరిగా వెళ్ళేవాడు కాదు. భార్యాపిల్లలతో సహా వెళ్ళి సెమినరీ ఆవరణలోనే కాపురం పెట్టేవాడు, భార్య కూడా తరగతులకు వచ్చి చదువు నేర్చుకునేది. ఊరికి తిరిగివచ్చేటప్పుడు ఒక పాస్టరుతో పాటు, స్త్రీల కూటం నడపగల, చదవను రాయను వచ్చిన ఒక స్త్రీ కూడా వచ్చేది. అప్పటివరకు బడి గడప తొక్కనివ్వని మాల, మాదిగ కుటుంబాలకు ఈ సెమినరీయే ప్రాథమిక పాఠశాల, ఉన్నత పాఠశాల, ఉపాధ్యాయ శిక్షణ కళాశాల కూడా అయ్యింది. అందువల్ల అక్కడ పాఠం చెప్పినవారి పని మతబోధకే పరిమితం కాలేదు. దక్షిణ తెలంగాణలో దళిత విద్య చరిత్ర రాయబోయేవారు మొదట చూడవలసిన చోట్లలో ఇదొకటి అని నా అభిప్రాయం.

ఇక నల్లగొండ సంగతికి వస్తాను. ఇక్కడ బాప్టిస్టు మిషన్ కేంద్రాన్ని 1890లో మొదలుపెట్టిన అబ్రహాం ఫ్రీసెన్ అమెరికన్ కాదు. నేటి ఉక్రెయిన్‌లో ఉన్న, అప్పటి దక్షిణ రష్యాకు చెందిన జర్మన్ భాషా మెన్నోనైట్ (ఒక ప్రొటెస్టంటు శాఖ) కుటుంబంలో పుట్టి, హాంబర్గులోని బాప్టిస్టు సెమినరీలో చదివి, భార్య మరియాతో కలిసి అమెరికన్ బాప్టిస్టుల అండన ఇక్కడికి వచ్చారు. తరువాత రష్యా నుంచే మరికొన్ని కుటుంబాలు వచ్చి సూర్యాపేట, జనగామ వంటి చోట్ల కేంద్రాలు నడిపాయి. ఇంతవరకు మీ వ్యాసంలోనూ ఉంది. అయితే ఫ్రీసెన్ తానే ఒక సెమినరీ విద్యార్థి అన్న విషయానికి వ్యాసంలో చోటు దొరకలేదు. శిక్షణ లేని బోధకుడు ఎంత ఉత్సాహంగా మొదలుపెట్టినా త్వరలోనే చెప్పిందే చెప్పడం మొదలుపెడతాడని సెమినరీలో చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు. నల్లగొండ ప్రాంతపు యువకులు రామాపట్నం దారి పట్టింది అందుకే. ఆ రామాపట్నంలో చాలాకాలం సెమినరీ అధ్యక్షుడిగా ఉన్న జేకబ్ హైన్‌రిక్స్ కూడా జర్మన్ మాట్లాడే బాప్టిస్టే. తెలుగు విద్యార్థుల మధ్య అన్నేళ్ళు గడిపి, అమెరికా వెళ్ళాక షికాగోలోని నార్తర్న్ బాప్టిస్టు సెమినరీలో మళ్ళీ తరగతి గదికే చేరారు. భవనం కట్టినవారి పేరు రాయి మీద ఉంటుంది. హైన్‌రిక్స్ వంటివారు మన జిల్లాలో ఒక్క గోడ కూడా కట్టలేదు కాబట్టి వారి పేరు ఇక్కడ ఎక్కడా చెక్కి లేదు.

1917 విప్లవం తరువాత రష్యా సంఘాల నుంచి వచ్చే సాయం ఆగిపోయి, ఈ కేంద్రాల బరువు ఇతరుల మీద పడింది. అప్పటికే అమెరికాలోని మెన్నోనైట్ బ్రెదరెన్ సంఘాలవారు 1899 నుంచి హైదరాబాదులో విడిగా పని మొదలుపెట్టి, పాలమూరు వైపు నాగర్‌కర్నూలు, వనపర్తి, ఇటు దేవరకొండ వరకూ విస్తరించారు. మహబూబ్‌నగర్ పట్టణంలోని బాప్టిస్టు కేంద్రం కూడా 1937లో వీరి చేతికి వచ్చింది. నాగర్‌కర్నూలులో మిషనరీ డేనియల్ బెర్గ్‌తోల్డ్ 1920లో తెరిచిన బైబిలు పాఠశాల తరువాత శంషాబాదుకు తరలి, కాలక్రమేణా బైబిలు కళాశాలగా ఎదిగింది. నా దృష్టిలో ఇది పాలమూరు క్రైస్తవ చరిత్రలోనే అతి ముఖ్యమైన మలుపు. బోధకుడు కావాలనుకున్న కుర్రవాడు ఇక సముద్రపు ఒడ్డు దాకా పోనవసరం లేకపోయింది. చెలక భూములు, ఆముదపు చేలు, ఎండిన కుంటలు కనిపించే చోటనే, తన యాసలో మాట్లాడే తోటి విద్యార్థుల మధ్యనే చదువుకోగలిగాడు. నిజాం పాలనలో తెలుగు బడులే అరుదుగా ఉన్న ఆ రోజుల్లో తెలుగులో నడిచిన ఈ పాఠశాల విలువ ఎంతటిదో ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న పాతతరం వారిని అడిగితే చెబుతారు.

ఇటువంటి పాఠశాలలో చదివి, పాస్టరై, తిరిగి బోధన వైపు వెళ్ళిన ఒక పెద్దాయనను నేను దగ్గరగా ఎరుగుదును. ఆయన కుటుంబం ఇష్టపడదు కనుక పేరు రాయడం లేదు. అందరమూ అయ్యగారు అనే పిలిచేవాళ్ళం. మా సంఘంలో పనిచేసినంత కాలం ఆయన ప్రసంగం అరగంట దాటేది కాదు, అందులో ఒక్క ఇంగ్లీషు మాట వినిపించేది కాదు. తరువాత ఒక బైబిలు పాఠశాలలో ప్రసంగ శాస్త్రం బోధించడానికి వెళ్ళారు. నేను సెలవుల్లో ఆయన్ను చూడబోయినప్పుడు ఆ తరగతి ఎలా నడిచేదో కళ్ళారా చూశాను. సాధారణంగా విద్యార్థులు అభ్యాస ప్రసంగాన్ని పగటిపూట, ప్రార్థనాలయంలో, తోటి విద్యార్థుల ముందు చేస్తారు. అయ్యగారు ఆ పద్ధతి మాన్పించి, రాత్రి ఎనిమిది దాటాక, దగ్గరి పల్లెలోని గూడెంలో, నాట్లు వేసి, కలుపు తీసి, ఇంటికి వచ్చి వండి తిన్న జనం ముందు చేయించేవారు. తాను వెనక గోడకు ఆనుకొని కూర్చొని, చేతి గడియారం చూస్తూ, వినేవారిలో మొదటి తల ఎన్నో నిమిషంలో వాలిందో పెన్సిలుతో రాసుకునేవారు. మరునాడు తరగతిలో చర్చ అక్కడి నుంచే మొదలయ్యేది. ఆ నిమిషంలో నువ్వు ఏ మాట అంటున్నావు, ఏ వచనం దగ్గర ఉన్నావు, అప్పటికి కథ చెబుతున్నావా లేక సిద్ధాంతం చెబుతున్నావా అని అడిగి, ఆ వాక్యాన్ని అక్కడికక్కడే మళ్ళీ చెప్పించేవారు. తల వాలినందుకు విద్యార్థిని ఎప్పుడూ తప్పుపట్టేవారు కాదు. నిద్ర వారి హక్కు, మెలకువగా ఉంచడం నీ పని అనేవారు.

ఆయన నోటుపుస్తకాలు కొన్నింటిని వారి అబ్బాయి నాకు చూపించారు. రూళ్ళ కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు లేఖన భాగపు క్రమం, కుడివైపు ఆ నెలలో ఊళ్ళో ఏమి జరుగుతున్నదో రాసుకున్నారు. విత్తువాని ఉపమానానికి ఎదురుగా తొలకరి పడిన తేదీ, ఆముదాలు చల్లిన ఇళ్ళు, విత్తనం మొలకెత్తక రెండోసారి చల్లినవారు ఉన్నారు. నిర్గమకాండంలో ఇటుకల పనిచేసే బానిసల భాగానికి ఎదురుగా, ఆ ఏడు మేస్త్రీ వెంట దూరప్రాంతపు డ్యాం పనులకు కుటుంబాలతో తరలిపోయిన పాలమూరు కూలీల ఇళ్ళ లెక్క ఉంది. పంటకోతలు అయిపోగానే సగం సంఘం ఊరు వదిలిపోతుంది కాబట్టి బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, పంట పండుగ ఏ నెలల్లో పెట్టుకోవాలో కూడా విద్యార్థులకు ఆయన చెప్పేవారట. ఈ విషయం ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు. పల్లెలో పాస్టరుగా పనిచేసినవాడు మాత్రమే తరగతిలో చెప్పగలిగిన పాఠం ఇది. అధ్యాపకుడు కాకముందు పాస్టరుగా ఎక్కడ, ఎన్నాళ్ళు పనిచేశాడు అన్నది అతని డిగ్రీలకంటే ముందు రాయవలసిన విషయమని నేను ఇందుకే అంటాను.

డిగ్రీలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మన దేశంలో ప్రొటెస్టంటు వేదాంత విద్యకు చాలావరకు ప్రమాణంగా నిలిచింది బెంగాలులోని సెరంపూర్. 1818లో మిషనరీలు కేరీ, మార్ష్‌మన్, వార్డు స్థాపించిన ఆ కళాశాలకు 1827లో డెన్మార్కు రాజు ఇచ్చిన చార్టరు వల్ల డిగ్రీలు ఇచ్చే అధికారం దక్కింది. తెలుగునాట సంఘాలు వేర్వేరుగా నడుపుకుంటున్న సెమినరీలను కలిపి 1964లో రాజమండ్రిలో ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీని ఏర్పాటుచేయడం, 1970ల తొలినాళ్ళలో దాన్ని హైదరాబాదుకు, ట్యాంక్‌బండ్ దిగువకు తరలించడం వెనుక పెద్ద ఆలోచనే ఉంది. లూథరన్, బాప్టిస్టు, మెథడిస్టు, దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) విద్యార్థులు ఒకే బల్ల మీద కూర్చొని హెబ్రీ అక్షరాలు దిద్దడం, ఒకరి బాప్తిస్మ పద్ధతిని మరొకరు వెక్కిరించకుండా వాదించుకోవడం అంతకుముందు ఊహించలేనిది. సంఘాల ఐక్యత గురించి సభల్లో చేసిన తీర్మానాలకంటే ఆ హాస్టలు భోజనశాల ఎక్కువ పని చేసిందని అక్కడ చదివిన ఒకరు నాతో అన్నారు, అది నిజమే అయి ఉంటుందని నాకు తోస్తుంది.

ఆ కళాశాలకు 1970లలో ప్రిన్సిపాలుగా ఉన్న విక్టర్ ప్రేమసాగర్ జీవితాన్ని ఒక్కసారి చూడండి. పాత నిబంధన పండితుడు. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసినవారు. తరువాత 1983లో మెదక్ డయాసిస్‌కు (బిషప్పు పాలన కింది ప్రాంతానికి) బిషప్పు అయ్యారు, దక్షిణ ఇండియా సంఘానికి మోడరేటరుగానూ, అంటే అధ్యక్షుడిగానూ బాధ్యత వహించారు. ఆయన్ను గురించి రాసేటప్పుడు బిషప్పు, మోడరేటరు అన్న పదవులే ముందుకు వస్తాయి, ప్రిన్సిపాలుగా ఉన్న సంవత్సరాలు ఒక వాక్యంలో అయిపోతాయి. నాకైతే ఆ వాక్యమే విప్పి రాయదగినది. పీఠం మీద ఉన్నప్పుడు ఆయన సంతకం చేసిన కాగితాలు ఆఫీసు దస్త్రాల్లో ఉండిపోయాయి. తరగతిలో ఆయన దగ్గర కీర్తనలు, ప్రవక్తల గ్రంథాలు చదివిన యువకులు తెలుగు జిల్లాలన్నిటికీ వెళ్ళి ముప్పై, నలభై ఏళ్ళపాటు ఆ పాఠాన్ని ప్రసంగాలుగా మార్చి చెప్పారు. మంచి అధ్యాపకుడు కనిపించగానే అతన్ని పాలన వైపు లాగడం మన సంఘాలకు అలవాటుగా మారింది. కమిటీలకు, ఆస్తుల వ్యవహారాలకు, ఎన్నికలకు ఎవరో ఒకరు దొరుకుతారు. హెబ్రీ మూలం చూసి తెలుగులో వివరించగలవారు తరానికి కొద్దిమందే ఉంటారు. ఆ కొద్దిమందినీ ఫైళ్ళ ముందు కూర్చోబెట్టడం ఏ లెక్కన లాభమో నాకు బోధపడదు.

సెమినరీ విద్యలో లోపాలు లేవని నేను అనను. చదువు పైకి వెళ్ళినకొద్దీ ఇంగ్లీషు పుస్తకాల బరువు పెరిగి, నాలుగైదేళ్ళు చదివి వచ్చిన యువ పాస్టరు మొదటి ఏడాది ప్రసంగాల్లో జర్మన్ పండితుల పేర్లు వల్లించడం మనమంతా విన్నదే. దేవరకొండ దగ్గరి తండాలోనో, ఫ్లోరైడు నీళ్ళతో నడుములు వంగిపోయిన మర్రిగూడలోనో ఆ పేర్లు ఎవరికి కావాలి? అక్కడివారు అడిగే ప్రశ్న వేరే ఉంటుంది: దేవుడు మంచివాడైతే ఈ నీళ్ళు ఇలా ఎందుకున్నాయి అని. యోబు గ్రంథాన్ని బాగా చదువుకున్నవాడు ఆ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకుండా ఉండగలడు, చదవనివాడు మీ పాపం వల్లనే అని తేలిగ్గా అనేస్తాడు. సెమినరీ చదువు అవసరమా అని అడిగేవారికి నేను చూపించే తేడా ఇదే. ఈ రోజుల్లో మైకు, కీబోర్డు, యూట్యూబు ఛానలు ఉంటే చాలు, ఎవరి దగ్గరా చదవకుండానే పాస్టరు అయిపోవచ్చుననే ధోరణి మన పట్టణాల్లో పెరుగుతున్నది. దానికి విరుగుడు పోలీసులో ప్రభుత్వమో కాదు, శ్రద్ధగా నేర్పే అధ్యాపకులు, వారి దగ్గర ఓపికగా కూర్చునే విద్యార్థులు.

స్త్రీల సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం అసంపూర్ణంగా మిగులుతుంది. బైబిలు స్త్రీలుగా శిక్షణ పొంది, గోషా పాటించే ఇళ్ళలోకి కూడా వెళ్ళి, అక్షరాలూ వాక్యమూ నేర్పినవారు మన రెండు జిల్లాల్లోనూ తరతరాలుగా ఉన్నారు. వారికి అభిషేకం లేదు, చాలాచోట్ల వేదికా లేదు, జీతం పాస్టరు జీతంలో ఏ భాగమో చెప్పడానికి సిగ్గువేస్తుంది. దక్షిణ ఇండియా సంఘంలో ఒక తెలుగు స్త్రీ, పుష్పలలిత గారు, 2013లో నంద్యాల బిషప్పు అయ్యేనాటికి ఈ బైబిలు స్త్రీలలో ఎందరో పేరైనా మిగలకుండా వెళ్ళిపోయారు. పాస్టర్లుగా మనం గౌరవించే చాలామందికి మొదటి గురువు ఇంట్లోనో బడిలోనో ఇటువంటి ఒక స్త్రీయే.

ఇక ఆధారాల విషయం. మన నల్లగొండ, నాగర్‌కర్నూలుల నుంచి మిషనరీలు రాసిన ఉత్తరాలు, నివేదికలు చాలావరకు జర్మన్‌లో, ఇంగ్లీషులో ఉన్నాయి. ‘త్సియోన్స్‌బోటె’ వంటి సంఘ పత్రికల్లో దాతల కోసం అచ్చయ్యాయి. మెన్నోనైట్ బ్రెదరెన్ పత్రాలు కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో, బాప్టిస్టు పత్రాలు అట్లాంటాలో భద్రంగా ఉన్నాయి. అక్కడ మన తాతల పాస్టర్లు తరచుగా పేరు లేని స్థానిక బోధకులుగా మాత్రమే దర్శనమిస్తారు. వారి పేర్లు, వారి ఊళ్ళు, వారు ఎవరి దగ్గర చదివారన్నది తెలియాలంటే ఆ దేశాలకు పోవడం కాదు, మన సంఘాల బీరువాలు తెరవాలి. బాప్తిస్మ రిజిస్టర్లు, 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద నడిపే వివాహ రిజిస్టర్లు, వార్షిక సభల నివేదికలు, సంఘ మాసపత్రికల పాత సంచికలు, బైబిలు పాఠశాలల హాజరు పట్టీలు ఇంకా ఉన్నాయి. ఉన్నవాటికి చెద పడుతున్నది. ఒక చోట పాత రిజిస్టర్లను మెట్ల కింద గదిలో ప్లాస్టిక్ కుర్చీల అడుగున చూశాను. వాటిలో ఒకదాని మీద వర్షపు నీటికి సిరా ఊరి, పేర్లున్న గడి మాత్రం చెరిగిపోయింది, తేదీలు మిగిలాయి.

సంఘాలు అచ్చువేసే సావనీర్ల మీద ఆధారపడి లాభం లేదు. వాటిలో పాస్టరుగారి జీవితం అంటే పుట్టిన తేదీ, పొందిన డిగ్రీలు, వహించిన పదవులు, హాజరైన విదేశీ సభలు, చివర ఒక శాలువా ఫోటో. ఆయన తరగతిలో ఏమి చెప్పేవారు, ఏ పుస్తకం పట్టుకొని చెప్పేవారు, విద్యార్థి తప్పు చేస్తే ఏమనేవారు, ఎవరెవరు ఆయన చేతి కింద తయారయ్యారు, ఆ తయారైనవారు ఎక్కడెక్కడ పనిచేశారు అన్న సంగతులకు పేజీ మిగలదు. మరణవార్త రాసే విలేకరులు కూడా కమిటీవారు ఇచ్చిన అదే పట్టికను తిరిగి రాస్తున్నారు.

మీ పత్రిక జిల్లా పేజీలో నెలకు ఒక్కసారైనా ఇటువంటి ఒక బోధకుడి జీవితాన్ని ప్రచురించమని నా విజ్ఞప్తి. పెద్ద వ్యాసం అక్కరలేదు. ఆయన దగ్గర చదివిన ఇద్దరు ముగ్గురిని కలిసి, ఒక తరగతి ఎలా ఉండేదో వారి మాటల్లోనే అడిగి రాస్తే చాలు. నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం చరిత్ర విద్యార్థులకు ఇది మంచి క్షేత్రకార్యం అవుతుంది. విశ్రాంతి తీసుకున్న అధ్యాపకుల్లో చాలామంది ఎనభై దాటినవారు, వారి మాటలను ఫోనులో రికార్డు చేయడానికి ఖర్చు కూడా ఉండదు. నిజాం కాలంలో మిషన్‌వారు భూమి కోసం, గుడి కట్టుకోవడానికి అనుమతి కోసం సర్కారుకు పెట్టుకున్న అర్జీల సంగతి తార్నాకలోని రాష్ట్ర పురాలేఖ సంస్థలో వెదకవచ్చు. ఉర్దూ, పారసీ చదవగలవారి సాయం కావాలి. సంఘ నాయకులకు కూడా మీ పత్రిక ద్వారా ఒక మాట: రిజిస్టర్లు చూపించమని ఎవరైనా వస్తే ఆస్తుల తగాదాకు వచ్చారని అనుమానించకండి. పేర్లు రాసుకోవడానికి వచ్చినవారికి కుర్చీ వేసి, గదికి లైటు వేయించండి.

మొదటి వ్యాసానికి పనికివస్తుందనుకుంటే, పైన చెప్పిన అయ్యగారి నోటుపుస్తకాల పేజీలను, పేరు బయటపెట్టకూడదన్న షరతు మీద, వారి అబ్బాయి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. మీ నల్లగొండ విలేకరి కబురు చేస్తే తెచ్చి చూపిస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
నల్లగొండ.